గుడ్లగూబ రివాల్వర్‌కి స్పేర్‌పార్టు దొరుకుతుందా?

ఈ కాలమ్‌లో హెచ్‌ఎంటీ వాచీ గురించి, మర్ఫీ రేడియో గురించి రాసినప్పుడు వచ్చిన మెసేజ్‌లు ఒక ఎత్తు. ఏడాదిగా ఆగకుండా వస్తున్న ఒకే ఒక్క ప్రశ్న ఇంకో ఎత్తు. “అన్నా, మా తాత దగ్గర చిన్న రివాల్వర్ ఉండేది. జేబులో పట్టేంత. పనిచెయ్యట్లేదు. పార్టులు యాడ దొరుకుతాయి?” కంభం నుంచి ఒకరు అడిగారు. ఎర్రగొండపాలెం నుంచి ఒకరు. ఊరి పేరు చెప్పకుండా ‘గిద్దలూరు పక్కన’ అని మాత్రం రాసినవాళ్లు ఇద్దరు.

ఆ ‘గిద్దలూరు పక్కన’ బ్యాచ్‌లో నేనూ ఉన్నా. మా ఇంటి రివాల్వర్ ఫైలు ఒక దారికి వచ్చేదాకా దీని గురించి రాయకూడదనుకున్నా. ఇప్పుడు వచ్చింది కాబట్టి రాస్తున్నా.

ముందు జవాబు చెప్పేస్తా, కారణాలు తీరిగ్గా చదువుకోండి. పార్టులు దొరుకుతాయి. వందేళ్ల నాటి రివాల్వర్ల స్ప్రింగులు, స్క్రూలు, పిడి పలకలు అమ్మే వెబ్‌సైట్లు అమెరికాలో ఉన్నాయి. మీరు మాత్రం ఆర్డర్ పెట్టకండి. ఊళ్లో తెలిసిన మెకానిక్ చేత చేయించకండి. మీరే యూట్యూబ్ చూసి స్క్రూడ్రైవర్ పట్టుకోకండి. రేడియోకి చెప్పినట్టు దీనికి ‘ప్రయత్నిస్తే పోయేదేముంది’ అని చెప్పలేను. పోయేది చాలా ఉంది.

మా జేజినాయన రివాల్వర్ అరచేతిలో ఇమిడిపోతుంది. .32 బోరు, ఐదు తూటాలు. నికెల్ పూత సగం లేచిపోయి, బూజు పట్టిన స్టీలు గ్లాసులా ఉంటుంది. పైనున్న గొళ్లెం ఎత్తితే తుపాకీ నడుం విరిగినట్టు ముందుకి వంగుతుంది. అలా వంగేటప్పుడు మధ్యలోని నక్షత్రం ఆకారపు ముక్క పైకి లేచి, కాల్చేసిన ఖాళీ తొడుగుల్ని బయటికి నెట్టేస్తుంది. దాని పేరులో ‘ఆటోమేటిక్’ అని ఉండేది అందుకే. సినిమాల్లో చూసే ఆటోమేటిక్‌కీ దీనికీ సంబంధం లేదు. పిడికి రెండు వైపులా నల్లటి గట్టి రబ్బరు పలకలు, వాటి మీద గుడ్లగూబ తల. మా జేజికి ఆ బొమ్మంటే అస్సలు పడేది కాదు. “ఇంటి మీద వాలితేనే శాంతి చేయించాలంటారే, ఈయన పెట్టెలో పెట్టి తాళమేసినాడు” అని గొణిగేది.

గుడ్లగూబ ఐవర్ జాన్సన్ కంపెనీ గుర్తు. నార్వే నుంచి అమెరికా వెళ్లినాయన పెట్టిన కంపెనీ. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫిచ్‌బర్గ్‌లో ఒకే కప్పు కింద సైకిళ్లూ తుపాకులూ చేసేవాళ్లు. కంపెనీ పేరే ‘ఆర్మ్స్ అండ్ సైకిల్ వర్క్స్’. 1890లలో వీళ్లు తెచ్చిన జేబు రివాల్వర్‌కి ఒక గొప్ప ఉంది. చేయిజారి కింద పడినా, హ్యామర్ మీద సుత్తితో కొట్టినా పేలదు. హ్యామర్‌కీ తూటాని కొట్టే మొనకీ మధ్య ఒక చిన్న ఉక్కు పట్టీ ఉంటుంది. ట్రిగ్గర్ పూర్తిగా లాగితేనే అది పైకి లేచి దెబ్బని అటు నుంచి ఇటు అందిస్తుంది. లాగకపోతే ఆ రెండింటికీ మధ్య ఖాళీయే. ఇంజినీరింగ్‌లో మాకు ‘ఫెయిల్ సేఫ్’ అని ఒక సెమిస్టరంతా చెప్పారు. ఇది ఆ నల్ల రబ్బరు పిడి వెనకాల వందేళ్లకు ముందే ఉంది.

చవక కూడా. 1901 సెప్టెంబర్‌లో అమెరికా అధ్యక్షుడు మెకిన్లీని బఫలో నగరంలో కాల్చింది ఇదే కంపెనీ .32 రివాల్వర్‌తో. దాన్ని హంతకుడు నాలుగు రోజుల ముందు నాలుగున్నర డాలర్లకి కొన్నాడు. ఇప్పటికీ అది బఫలో మ్యూజియంలో ఉంది. 1968లో రాబర్ట్ కెన్నెడీని కాల్చింది కూడా ఐవర్ జాన్సన్ రివాల్వరే, కాకపోతే .22 బోరు. చెడ్డ పేరుతోనే చరిత్రలోకి ఎక్కిన వస్తువు. మా జేజి అన్నది పూర్తిగా కొట్టిపారేయలేం.

అమెరికా గుడ్లగూబ నల్లమల అంచుకి ఎట్లా వచ్చిందంటే, మా ఇంట్లో ఒక కథుంది. మా జేజినాయన వాళ్ల నాయన మునసబు. నంద్యాల వైపు అడవిలో మీటర్‌గేజి రైలు మార్గంలో పనిచేసిన ఒక దొర ఊరెళ్లిపోతూ అమ్మితే కొన్నాడట. రసీదు లేదు కాబట్టి అది కథే. రసీదు లేకపోయినా లైసెన్సు పుస్తకం ఉంది. దాని మీద కర్నూలు జిల్లా ముద్ర ఉంది. చిన్నప్పుడు దాన్ని చూసి, మనది ప్రకాశం కదా, ఇదేంది అనుకునేవాణ్ని. మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలోవే. ఆ ఏడాది ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుట్టింది, తర్వాత దానికి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఈ ముద్ర సంగతి గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాల్ని తీసేసింది. ఉద్యోగం పోయింది, రివాల్వర్ ఉండిపోయింది. అప్పటికి లైసెన్సు మా జేజినాయన పేరు మీదికి మారింది. నాకు తెలిసి ఆయన దాన్ని ఒక్కసారి కూడా కాల్చలేదు. దాని జీవితమంతా ప్రయాణాలే. ఎన్నికల నోటిఫికేషన్ వస్తే చాలు, లైసెన్సు ఆయుధాలన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి. పంచాయతీ ఎన్నికలకి ఒకసారి, అసెంబ్లీకి ఒకసారి. గుడ్డలో చుట్టుకుని పోవడం, రసీదు తీసుకుని రావడం. 90లలో నల్లమలలో అన్నలు తిరిగే కాలంలో మా వైపు లైసెన్సు తుపాకీ ఉన్న ఇంటికి రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. దొంగలు రాకుండా పెట్టుకున్న తుపాకీ కోసమే మనుషులొస్తారని భయం. ఆ రోజుల్లో అది ఇంట్లో కంటే స్టేషన్లోనే ఎక్కువ ఉందని మా నాయన చెప్తాడు. 2004 అక్టోబర్‌లో మావోయిస్టు నాయకులు శాంతి చర్చలకి అడవి నుంచి బయటికొచ్చింది మన జిల్లా చిన్నారుట్ల దగ్గరే. ఆ చర్చల్లో పెద్ద పేచీ కూడా ఆయుధాలతో ఊళ్లలోకి రావచ్చా, రాకూడదా అన్నదే కదా.

స్టేషన్ బీరువాలో నెలల తరబడి ఉంటే ఇనుముకి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 2017 ప్రాంతంలో ఒకసారి వెనక్కి తెచ్చుకునేసరికి ట్రిగ్గర్ లాగితే వదులుగా ఊగుతోంది. సిలిండర్ తిరగట్లేదు.

ఇప్పుడు కాసేపు మెకానిక్స్.

రివాల్వర్‌లో తుపాకీ పని కంటే గడియారం పనే ఎక్కువ. ట్రిగ్గర్ లాగగానే చిన్న ఉక్కు వేలు లాంటి ముక్కొకటి సిలిండర్ వెనక పళ్లని నెట్టి, సరిగ్గా ఐదో వంతు తిప్పుతుంది. తూటా గది బ్యారెల్‌కి ఎదురుగా రాగానే కింద నుంచి ఇంకో ముక్క లేచి సిలిండర్‌ని పట్టి ఆపుతుంది. ఆ తర్వాతే హ్యామర్ పడాలి. ఈ మూడు పనులూ ఒకే వేలు కదలికలో వరసగా జరగాలి. వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే గది, బ్యారెల్ ఒకే గీతలో ఉండవు. కాల్చినప్పుడు సీసం అంచు చెక్కుకుపోయి, ఆ ముక్కలు పక్కకి చిమ్ముతాయి. పక్కనున్న మనిషి కంట్లో పడొచ్చు, కాల్చినవాడి చేతికీ తగలొచ్చు.

మా దాంట్లో పోయింది రెండు. హ్యామర్‌ని కొట్టించే పట్టీ స్ప్రింగు విరిగింది. సిలిండర్‌ని తిప్పే ఉక్కు వేలు అరిగిపోయింది. నాకప్పుడే కొత్తగా ఉద్యోగం వచ్చింది. రాత్రి షిఫ్టులో బిల్డ్ అవుతుంటే ఖాళీగా కూర్చుని వెతికా. అరగంటలో స్ప్రింగు బొమ్మ కనపడింది. ధర మన ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ అంత కూడా లేదు. ‘యాడ్ టు కార్ట్’ కూడా ఉంది.

చూసినకొద్దీ తేలిందేంటంటే, ఐవర్ జాన్సన్ అని ఒక్క పేరు పెట్టుకుని వెతకడం పైథాన్ అని ఒక్క మాట పెట్టుకుని లైబ్రరీ దింపుకోవడం లాంటిది. వెర్షన్ ఏది? తొలి మోడళ్లు నల్లమందు కాలం నాటివి. 1909 నుంచి వచ్చినవి పొగలేని మందుని తట్టుకునేలా చేసినవి, లోపల స్ప్రింగుల ఏర్పాటే మారిపోయింది. బయటి నుంచి చూస్తే కవలల్లా ఉంటాయి. ఏది ఏదో తేల్చడానికి అక్కడి సేకర్తలు సిలిండర్ మీది గాడులు, గొళ్లెం తీరు, చివరికి పిడి మీద గుడ్లగూబ ఎటు చూస్తోందో కూడా చూస్తారు. నిజం, దానికి కూడా లెక్కుంది. పోనీ మోడల్ కుదిరిందే అనుకోండి, ముక్క తెచ్చి పెట్టగానే పనిచేయదు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో ఒకడు ఆకురాయి పట్టుకుని ఒక్కో తుపాకీకి ఒక్కోలా రుద్ది సరిపెట్టేవాడు. ఇంకో తుపాకీలో నుంచి తీసిన వేలు మీ తుపాకీ సిలిండర్‌ని తిప్పుతుంది, సరైన చోట మాత్రం ఆపదు. తిరగని రివాల్వర్ కంటే అట్లా తిరిగే రివాల్వర్ ప్రమాదం.

నల్లమందు సంగతి ఇంకా ముఖ్యం. పాత మందు మెల్లగా కాలి మెల్లగా నెడుతుంది. ఇప్పుడు దొరికే తూటాల్లో ఉండేది పొగలేని మందు. దాని ఒత్తిడి తీరే వేరు. ఆ పాత ఉక్కు దానికోసం చేసింది కాదు. .32 అని రాసి ఉంది కదా అని ఇవాళ్టి .32 తూటా పెట్టి కాలిస్తే సిలిండర్ పగలొచ్చు. కాబట్టి ఎంత బాగా రిపేరు చేసినా చివరికి మీ చేతిలో మిగిలేది కాల్చకూడని రివాల్వరే.

2018లో మా జేజినాయన, నేను విజయవాడ వెళ్లాం. హైదరాబాద్ వెళ్తే దగ్గర్లో ఎక్కువ షాపులుంటాయి కానీ ఆయన లైసెన్సు ఆంధ్రప్రదేశ్ వరకే చెల్లుతుంది. రాష్ట్రం విడిపోయాక హైదరాబాద్ వేరే రాష్ట్రం. 2014కి ముందు ఈ గొడవ లేదు. లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర, రిపేరుకి కూడా లైసెన్సున్న చోట, అరవై దాటిన ఒక సాయబు కళ్లకి భూతద్దం పెట్టుకుని దాన్ని చూశాడు. పిడి పలక విప్పి కింద చెక్కిన నంబరు చూపించాడు. ఆ నంబరుని లైసెన్సు పుస్తకంలో నంబరుతో పోల్చి చూసిన తర్వాతే మిగతాది ముట్టుకున్నాడు. కాసేపు అటూ ఇటూ తిప్పి, “పెద్దాయనా, కాల్చడానికైతే నేను చెయ్యను. దాచుకోడానికైతే చెయ్యాల్సిన పనే లేదు” అన్నాడు. నూనె గుడ్డతో తుడిచి, తోలు సంచిలో నుంచి తీసేయమన్నాడు. తోలు తేమ పట్టి ఉంచుతుంది, తుప్పు అక్కణ్నుంచే మొదలవుతుందట. నికెల్ మళ్లీ వేయించమంటారా అని అడిగితే నవ్వాడు. వేయించడానికి ముందు పాత పూత, తుప్పు గీకేయాలి. గీకినప్పుడు అక్షరాలూ అంకెలూ పలచబడతాయి. డబ్బులు తీసుకోలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా జేజినాయన ఒక్క మాట మాట్లాడలేదు, మార్కాపురం దాటాక మాత్రం, “మంచోడు” అన్నాడు.

ఆ అంకెల విలువ ఎంతో చెప్పడానికి ఒక ఉదాహరణ. 1928 డిసెంబర్‌లో సాండర్స్‌ని కాల్చిన భగత్ సింగ్ .32 కోల్ట్ పిస్టల్ దశాబ్దాల పాటు కనపడలేదు. చివరికి ఇండోర్‌లో సరిహద్దు భద్రతా దళం మ్యూజియంలో, మామూలు తుపాకుల మధ్య, తుప్పు పట్టకుండా వేసిన నల్లరంగు కింద దొరికింది. ఆ రంగు తీస్తే నంబరు బయటపడింది: 168896. పాత కేసు కాగితాల్లో అదే నంబరు. ఇన్నేళ్లలో ఎవరో మంచి మనసుతో దాన్ని గీకి పాలిష్ చేసి ఉంటే అది ఎప్పటికీ ‘ఒక పాత పిస్టల్’గానే మిగిలేది.

చట్టం కూడా నంబర్లనే చూస్తుంది. 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ ప్రకారం గుర్తులు చెరిపేసిన తుపాకీ మీ దగ్గర దొరికితే, చెరిపింది మీరేనని మొదట అనుకుంటారు. కాదని నిరూపించుకోవాల్సింది మీరే.

చట్టం దాకా వచ్చాం కాబట్టి అసలు మెలిక చెప్తా. నాకు అడిగేవాళ్లలో సగం మంది వాదన ఇది: “అన్నా, అది యాంటిక్. పనికూడా చెయ్యదు. దానికి లైసెన్సు ఎందుకు?” అదే చట్టంలో 45వ సెక్షన్ ఉంది. కాలం చెల్లిన తీరుది, పురావస్తు విలువున్నది, పాడైపోయింది అయితే చట్టం వర్తించదని మొదలవుతుంది. ఇక్కడిదాకా చదివి స్క్రీన్‌షాట్ తీసుకునేవాళ్లు చాలామంది. మిగతా వాక్యం కూడా చదవాలి. రిపేరు చేయకుండానే కాదు, చేసినా సరే తుపాకీగా వాడడానికి వీలుకానిదై ఉండాలి. అంటే స్ప్రింగు విరిగిన మా గుడ్లగూబ ఈ మినహాయింపులోకి రాదు. స్ప్రింగు వేస్తే నడుస్తుంది కాబట్టి అది తుపాకీయే. “పార్టు ఎక్కడ దొరుకుతుంది” అని మీరు నన్ను అడిగారంటే అర్థం, అది రిపేరైతే నడుస్తుందని మీకే తెలుసని. ఆ ప్రశ్నతోనే మీ యాంటిక్ వాదన పోయింది.

యూట్యూబ్‌లో తుప్పు పట్టిన రివాల్వర్‌ని తళతళలాడించే వీడియోలు కోట్ల వ్యూస్‌తో ఉన్నాయి కదా. వాళ్లలో చాలామంది అమెరికావాళ్లు. అక్కడ 1898లో గానీ అంతకు ముందు గానీ చేసిన తుపాకీ ఫెడరల్ చట్టం లెక్కలో చాలావరకు తుపాకీయే కాదు. వాళ్లది తేదీ లెక్క. మనది నడుస్తుందా లేదా అన్న లెక్క. వాళ్ల వీడియో చూసి మన చట్టం కింద ఇరుక్కోవద్దు.

‘రిపేరు’ అనే మాట చట్టంలో విడిగా ఉంది. 5వ సెక్షన్ ప్రకారం తయారీ, అమ్మకం, మార్పులు చేయడం, రిపేరు చేయడం, పరీక్షించి చూడడం, అన్నిటికీ లైసెన్సు ఉండాలి. లేకుండా చేస్తే, 2019లో చేసిన సవరణ తర్వాత, శిక్ష ఏడేళ్లకి తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. విడిభాగాల సంగతీ అంతే. ‘ఆయుధం’ అనే మాటకి చట్టం ఇచ్చిన అర్థంలోనే దాని భాగాలు కూడా ఉన్నాయి. విదేశం నుంచి ఆయుధం తెప్పించాలంటే లైసెన్సు కావాలి. కొరియర్లో వచ్చే చిన్న స్ప్రింగైనా కస్టమ్స్ వాళ్ల కంటికి తుపాకీ భాగమే. ఒక చిన్న సడలింపు ఉంది. చిల్లర భాగాలు ఊరికే మీ దగ్గర ఉంటే తప్పు లేదు, కానీ వాటితో జతపడే మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం ఉండకూడదు. మీ టేబుల్ మీద ఒంటరి స్ప్రింగు ఉంటే అది పేపర్‌వెయిట్. పక్క గదిలో దానికి సరిపోయే రివాల్వర్ ఉంటే కథ వేరు. త్రీడీ ప్రింటర్ ఉంది కదా అన్నా, సీఎన్‌సీ షాపులో ఫ్రెండున్నాడు కదా అన్నా అని అడిగిన తమ్ముళ్లకీ ఇదే జవాబు. దాన్ని తయారీ అంటారు.

ఇంకొకటి. వందేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కింద ‘పురావస్తువు’ అయ్యే అవకాశం ఉంది. అప్పుడు దాన్ని దేశం దాటించకూడదు. బయటి నుంచి పార్టు తెచ్చుకోలేం, తుపాకీని బయటికి పంపి బాగు చేయించుకోలేం.

ఇదంతా నేను మా తమ్ముడికి, అంటే మా చిన్నాయన కొడుక్కి, ఎన్నిసార్లు చెప్పానో. వాడికి చట్టం కంటే మార్కాపురం మీద నమ్మకమెక్కువ. మార్కాపురం అంటే పలకలు. మీ అమ్మానాన్నలు ఆ పలకల మీదే అక్షరాలు దిద్దారు. పలకల గిరాకీ తగ్గాక అదే రాయితో ఇళ్లకి వేసే డిజైన్ రాళ్లు కోస్తున్నారు. ఆ మిషన్లకి బేరింగు పోయినా, బ్లేడు షాఫ్టు వంగినా కొత్తది వచ్చేదాకా ఆగరు. షెడ్డులోనే లేతు మీద చేసేస్తారు. అట్లాంటి మేస్త్రీ ఒకాయన దగ్గరికి వీడు పోయాడు. రివాల్వర్ తీసుకుపోలేదు, మాట మాత్రం కదిపాడు. ఆయన మెషిన్ ఆపి, “అబ్బోడా, మోటరు తే, పంపుసెట్టు తే, ఏందైనా తే. తుపాకీ మాత్రం నా షెడ్డు గడప తొక్కగూడదు” అన్నాడంట. అడవి పక్కన ఊళ్లలో పందుల కోసమనో, వేట కోసమనో నాటు తుపాకులు పట్టుబడినప్పుడల్లా పోలీసులు ముందు అడిగేది కొలిమి ఉన్నవాళ్లనీ, లేతు ఉన్నవాళ్లనీ. ఆయన ఎవరి కోసమో చేసే గంట పనికి, ఆయన షెడ్డూ, అందులో పనిచేసే నలుగురి కూలీ పోతాయి. మనం ‘చిన్న పనే కదా’ అని అడిగేటప్పుడు ఆ లెక్క వేసుకోం.

2023లో జేజినాయన చనిపోయాడు. లైసెన్సు మనిషితోనే పోతుంది. కర్మలు అయ్యేలోపే మా నాయన రివాల్వర్‌ని స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకున్నాడు. 21వ సెక్షన్ ప్రకారం లైసెన్సుదారు పోతే వారసులు ఆలస్యం చేయకుండా దగ్గర్లోని స్టేషన్లో గానీ, లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ పెట్టాలి. ‘తాత పోయి పదేళ్లయింది, బీరువాలోనే ఉంది’ అని నాకు మెసేజ్ పెట్టినవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. చదివి, రిపేరు సంగతి పక్కనబెట్టి, ముందు ఒక వకీలుని కలవండి. ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టకండి. రీల్ అసలే వద్దు.

అప్పజెప్పినంత మాత్రాన అయిపోదు. గడువులోగా వారసుల్లో ఎవరో ఒకరు లైసెన్సు తెచ్చుకుని విడిపించుకోవాలి, లేదా లైసెన్సున్నవాళ్లకి అమ్ముకోవాలి. రెండూ చేయకపోతే అది ప్రభుత్వానిదవుతుంది. అంటే నాలుగు తరాల సామాను ఏదో ఒక రోజు మిగతా తుక్కుతో కలిసి పోతుంది. ఇక్కడే మా ఇంట్లో మూడు ముక్కలాట మొదలైంది. చిన్నాయన, తమ్ముడు: తెచ్చుకుందాం, బాగు చేయిద్దాం, లేకపోతే తెచ్చి ఏం లాభం. మా నాయన: వద్దు, ఇచ్చేద్దాం, ఎన్నికలకొకసారి స్టేషన్ చుట్టూ తిరగడం నావల్ల కాదు. నేను: విరిగిన స్ప్రింగుతో సహా అట్లాగే తెచ్చుకుందాం. వారసత్వపు లైసెన్సుకి మిగతా వారసులు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. చిన్నాయన ఎనిమిది నెలలు పెట్టలేదు.

కాగితాల కష్టం వేరే. ఒక ఆఫీసులో పాత రికార్డు అడిగారు. ఇంకో ఆఫీసులో ఆ జిల్లాది మా దగ్గర ఉండదన్నారు. అప్పుడు పనికొచ్చింది ఆ కర్నూలు ముద్ర ఉన్న పుస్తకం. మునసబు పేరు, జేజినాయన పేరు, ప్రతి రెన్యువల్ తేదీ, రివాల్వర్ నంబరు, అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. సాయబు పిడి కింద చూపించిన నంబరు, స్టేషన్ రసీదు మీది నంబరు, పుస్తకంలో నంబరు ఒకటే. ఆ మూడూ కలవబట్టే ఫైలు ముందుకి కదిలింది. మీ ఇంట్లో అట్లాంటి పుస్తకం ఉంటే రివాల్వర్ కంటే ముందు దాన్ని చెదల నుంచి కాపాడండి. స్కాన్ చేసి రెండు చోట్ల పెట్టుకోండి.

చిన్నాయన చివరికి సంతకం పెట్టింది చట్టం విని కాదు. మేస్త్రీ అన్న మాట తమ్ముడు ఇంట్లో చెప్పినప్పుడు ఆయన కాసేపు ఊరుకుని, “ఆయప్ప కాదన్నాడంటే ఇంక కాదులే” అన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆధార్ జిరాక్సు పట్టుకుని వచ్చాడు. మా నాయన ఎట్లా ఒప్పుకున్నాడో నాకూ పూర్తిగా అర్థం కాలేదు. రసీదుని జేబులో పెట్టుకుని తిరిగీ తిరిగీ మనసు మారిందేమో.

ఇప్పుడు లైసెన్సుకి ఆయుధ భద్రత శిక్షణ సర్టిఫికెట్ కావాలి. యాభై ఎనిమిదేళ్ల మనిషి పోలీసు కుర్రాళ్ల ముందు నిలబడి, ఎటువైపు గురిపెట్టకూడదో, వేలు ఎక్కడ ఉంచకూడదో నేర్చుకుని వచ్చాడు. ఇంటికొచ్చి అన్నం తింటూ మా అమ్మకి కూడా నేర్పించాడు, గరిటెతో. మెడికల్ అయింది, పోలీసు విచారణ అయింది. ఇంటికి వచ్చిన కానిస్టేబుల్ ‘ఎందుకు కావాలి’ అని అడిగితే ‘మా నాయనది’ అని మాత్రం చెప్పాడంట.

పోయిన నెల ఫైలు మీద చివరి సంతకం అయింది. దరఖాస్తులో ఎన్ని తూటాలు కావాలో రాసే చోట మా నాయన సున్నా వేశాడు. కౌంటర్ దగ్గర గుమాస్తా అది పొరపాటనుకుని కాగితం వెనక్కి ఇచ్చాడు. మా నాయన పెన్ను తీసుకుని, సున్నా పక్కనే అక్షరాల్లో ‘ఏమీ వద్దు’ అని రాసి, కింద మళ్లీ సంతకం పెట్టాడు.